చేదాకు మీద రాసిన సంగతి

గుండ్లకోన మందలో మేకలు కంటితో చదవవు, నాలుకతో చదువుతాయి. ఎవరైనా గోటితో ఆకు మీద గీకి రాసిస్తే, మేక ఆ ఆకును నోట్లో వేసుకుని నమిలి, గీతలు నాలుకకు తగులుతుంటే సంగతి తెలుసుకుంటుంది. తెలుసుకున్నాక మింగేస్తుంది. ఇదేం చదువండీ అని మీరు ముక్కున వేలేసుకుంటే వేసుకోండి. కొన్న పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్ళకంటే మేకలే నయం. చదివిందేదో కనీసం వాటి ఒంటికి పడుతుంది.

ఆ కోనలో పరిశోధనలు చేసి రాసేవాడు ఒక్కడే, డాక్టర్ జంబయ్య. జాతికి నక్క. డాక్టరు పట్టం ఎవరిచ్చారయ్యా అంటే "పక్క అడవిలో" అంటాడు. పక్క అడవిలో వాకబు చేస్తే వాళ్ళు ఈ అడవి వైపు చూపిస్తారు. పరిశోధన గొప్పదో కాదో తేల్చడానికి కోనలో ఒకటే కొలత ఉంది: దాన్ని ఎన్ని మేకలు మేశాయి? జంబయ్య రాసినవాటికి అప్పటికి మూడొందల మేతలు. ఇక ఆయన నడక చూడాలి! తోక నేలకు తగిలితే పరువు పోతుందన్నట్టు ఎత్తిపట్టుకుని తిరిగేవాడు.

మందలో చదువరి ఉద్యోగం బొల్లిది. తెల్లమచ్చల ఆడమేక, మూడేళ్ళు జంబయ్య క్లాసుల్లోనే కష్టపడి చదువుకుంది. ఏ పరిశోధన వచ్చినా అది చదివి, అందులో నిజమెంతో మందకు చెప్పడం ఆమె పని. ఆమె ఊఁ అంటే మంద కదులుతుంది, ఊహూఁ అంటే ఆగుతుంది. అంత పెద్ద పని నెత్తిన పెట్టుకున్నా ఇంకా ఒక్క తీర్పూ చెప్పలేదు. అందుకని లోలోపల భయం. పైకి మాత్రం గడ్డం పైకెత్తి తిరిగేది.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. రోహిణికార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. గుండ్లకోనలో రోళ్ళు లేవు కాబట్టి మేకల ఓపికే పగిలింది. పచ్చిక ఎండి, ఎండింది అయిపోయి, చివరికి పోయినేడు మేసిన గడ్డి రుచి గురించి మాట్లాడుకునే స్థితికి వచ్చాయి. గుట్ట అవతల పులికోనలో మాత్రం మోకాలెత్తు గడ్డి. ఎందుకుండదు? అక్కడికి మేతకు వెళ్ళినవాళ్ళు లేరు. వెళ్ళినా తిరిగొచ్చి చెప్పినవాళ్ళు లేరు.

సరిగ్గా ఆ సమయానికి జంబయ్య ఆకుల మోపు వేసుకుని దిగాడు. ఊరక రారు కదా మహానుభావులు.

"సభికులారా! 'వ్యాఘ్ర అజ సహజీవనము: ఒక పరిశీలన'. మూడు నెలల శ్రమ. నలభై మేకలకు నలభై ప్రతులు తెచ్చాను. ఆరగించండి!"

"వ్యాఘ్రం అంటే?" అంది వెనకనుంచి ఒక మేక.

"పులి."

"అజం అంటే?"

"నువ్వే."

మంద గుసగుసలాడింది. మంద పెద్ద కోటయ్య తాత ముసలి పోతు. ఆయన కొమ్ములు రెండు చుట్లు తిరిగాయి, ఆలోచన మాత్రం ఒక చుట్టు కూడా తిరగదు. ముందు తనే ఆకు అందుకున్నాడు.

ఒక్కో ప్రతికి మూడు ఆకులు. పైది లేత పనసాకు, దాని మీద సారాంశం. అడుగుదీ పనసాకే, దాని మీద ముగింపు. మధ్యది అడ్డసరం ఆకు, దాని మీద పరిశోధన ఎలా చేశారో రాసి ఉంది. పనసాకంటే మేకలకు ప్రాణం. అడ్డసరం అంటే ఆమడ దూరం. అంత చేదు కోనలో ఇంకోటి లేదు. చేదాకు తగిలితే పక్కకు ఉమ్మెయ్యడం మందలో తప్పు కాదు, మర్యాద. "మధ్యాకు పండితులకమ్మా, మనకెందుకు?" అని తల్లులు పిల్లలకు చెప్పేవి.

కోటయ్య తాత కళ్ళు మూసుకుని నమిలాడు. "ఆహా! 'పులి మేకను హింసించదని తేలినది' అట! ఎంత కమ్మగా ఉందో."

"ముగింపు ఇంకా కమ్మగా ఉంది. 'కావున మేకలు నిర్భయముగా పులికోనకు తరలవచ్చును'. నోట్లో వేసుకుంటే కరిగిపోయింది," అంది ఎర్రక్క. ఎర్రక్కకు జంబయ్య అంటే మహా గురి. పోయినేడు ఆమె కొడుకు చుక్కల పోతును "పరిశోధనకు సాయంగా" అని ఆయనే తీసుకెళ్ళాడు. వచ్చినప్పుడల్లా కబురు చెప్పేవాడు: "మీవాడు బాగా ఎదిగాడమ్మా. చూస్తే గుర్తుపట్టలేరు."

బొల్లి కూడా తీపి ఆకులు రెండూ తిని చేదాకు ఉమ్మేసింది. మూడు రోజుల ఆకలి మీదుంది. ఇంకో పది ప్రతులున్నా చదివేసేదే.

"ఏమంటావే బొల్లీ? బయల్దేరమంటావా?" అన్నాడు తాత.

మంద కళ్ళన్నీ ఆమె మీద పడ్డాయి. ఊఁ అనడానికి నోరు తెరిచింది. కానీ మళ్ళీ మూసేసింది. అంత పెద్ద సంగతి అంత తియ్యగా, అంత తొందరగా లోపలికి జారిపోవడం ఎందుకో మనసుకు నచ్చలేదు.

"పొద్దు వాలేలోపు చెప్తా తాతా. ఒకసారి నెమరేసుకుని చెప్తా."

"నెమరెందుకమ్మా, మేత మేతే కదా!" అన్నాడు జంబయ్య గబగబా. "రేపు తెల్లారేసరికి కదలాలి. ఆలస్యం చేస్తే గడ్డి ముదిరిపోతుంది."

గడ్డి మీద నక్కకెందుకంత బెంగ అని అడగాలనిపించింది బొల్లికి. మూడొందల మేతల పండితుణ్ణి అడగడమెలాగ?

మిట్టమధ్యాహ్నం ఆమె మైలయ్య దగ్గరికి వెళ్ళింది. మైలయ్య ఇరవై ఏళ్ళు గానుగ చుట్టూ తిరిగి రిటైరైన ఎద్దు. ఇప్పుడు గానుగ లేకపోయినా, అలవాటు పోక, తుమ్మచెట్టు చుట్టూ తిరుగుతూనే ఉంటాడు. ఆయనతో మాట్లాడాలంటే ఎవరైనా పక్కనే తిరగాల్సిందే. బొల్లీ తిరిగింది.

"ఏంటే కోడలా, మొహం అలా పెట్టావు?"

"పరిశోధన చదివాను మావా. రేపు మంద బతుకంతా నా మాట మీదుంది."

"చదివావా? ఏముంది అందులో?"

"వ్యాఘ్ర అజ సహజీవన సంభావ్యత అత్యధికమని..."

"అది నక్క మాట. నీ మాటలో చెప్పు."

బొల్లి ఒక చుట్టు ఆలోచించింది. "అంటే... పులికీ మనకీ... బాగుంటుందని."

"ఎలా తేల్చాడు?"

"పరిశీలించాడు."

"ఎన్ని పులుల్ని?"

బొల్లి ఇంకో చుట్టు తిరిగింది. ఆ చుట్టు చాలా పెద్దదనిపించింది. "తెలీదు మావా."

"ఎన్ని మేకల్ని?"

"తెలీదు."

"ఎంతసేపు చూశాడు? చూసినన్నాళ్ళు వాడి కడుపు నింపిందెవరు?"

"అవన్నీ మధ్యాకులో ఉంటాయనుకుంటా మావా. అది చేదు. ఎవ్వరం తినం."

మైలయ్య ఆగిపోయాడు. ఆయన ఆగడం కోన ఎన్నడూ చూడలేదు. తుమ్మచెట్టు మీది కాకి కంగారుపడి ఎగిరిపోయింది.

"కోడలా, తీపి ఆకు మీద వాడు ఏం చెప్పదలచుకున్నాడో రాశాడు. ఏం చేశాడో చేదాకు మీద రాశాడు. రెండూ ఒకటే అయితే అన్నీ పనసాకుల మీదే రాసేవాడు కదే?"

"రాయకుండా వదిలేస్తే పోయేది కదా? ఎందుకు రాసినట్టు?"

"రాయకపోతే పరిశోధన ఎలా అవుతుంది, ఉత్తరం అవుతుంది. రాసినట్టుండాలి, మీరు తినకుండా ఉండాలి. నక్క తెలివైందే!" అని మళ్ళీ తిరగడం మొదలెట్టాడు. "వెళ్ళి నమిలిరా. ఒక్క నమలుకు బోధపడదు, ముందే చెప్తున్నా. గానుగలో మొదటి చుట్టుకు గింజ సర్దుకుంటుందంతే. నూనె తర్వాత వస్తుంది. తెలియని మాట తగిలితే దవడ పక్కన పెట్టుకుని ముందుకెళ్ళు, దాని దగ్గరే కూలబడకు. ప్రతి ముద్దకీ అడుగు: ఇక్కడ ఉండాల్సింది ఏది లేదు? అని."

దొడ్డి వెనక నలభై అడ్డసరం ఆకులు గుట్టగా పడున్నాయి. బొల్లి ఒకటి నోట్లో పెట్టుకుంది. అబ్బ! చెవులు వెనక్కి, కళ్ళు ముందుకు వచ్చాయి. నాలుక ఇంట్లోంచి పారిపోతానంది. చెప్పొద్దూ, మొదటి ఆకులో 'మరియు', 'యొక్క' తప్ప ఇంకేం అర్థంకాలేదు. తను నిజంగా చదువుకున్నదేనా అని ఏడుపొచ్చింది. ఏడుస్తూనే రెండోది తీసుకుంది. మూడో ఆకుకు చేదు కొంచెం అలవాటై, గీతలు తెలియడం మొదలైంది.

"పరిశీలింపబడిన పులులు: ఒకటి."

బొల్లి నమలడం ఆపింది. మళ్ళీ మొదలెట్టింది.

"పులి స్థితి: అప్పుడే అడవిదున్నను భుజించి నిద్రించుచున్నది. పరిశీలనా కాలము: రెండు ఆవులింతలు. భోజన సహకారము: పులిదొరవారు. వారు మిగిల్చినది భుజించి ఈ పరిశోధన పూర్తి చేయబడినది. పరిశీలింపబడిన మేకలు: మూడు. ఫలితములలో లెక్కింపబడినవి: రెండు. ఈ రెండును చెట్టుపై నుండెను."

చెట్టు మీద! బొల్లికి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే ఆకు చివర్న, కాడ పక్కన, చీమతలకాయంత అక్షరాలు తగిలాయి.

"మూడవ మేక, చుక్కల పోతు, పరిశోధన మధ్యలో తప్పుకొనెను."

నవ్వు పోయింది. చాలాసేపు ఆ ఆకును మింగలేకపోయింది, ఉమ్మలేకపోయింది.

మంద దగ్గరికి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది. చెప్పగానే ఒప్పుకుంటే అది మంద ఎందుకవుతుంది?

"చదవేస్తే ఉన్న మతి పోయిందట! అంత తియ్యటి సంగతి తప్పెలా అవుతుందే?" అన్నాడు తాత.

"మూడొందల మేతల మాట కాదని, ఉమ్మేసిన ఆకులు ఏరుకు తిన్న నీ మాట వినాలా?" అంది ఇంకో మేక.

"నా మాట వినొద్దు. ఆకులు ఇవిగో, మీరే నమలండి," అని బొల్లి ఆకులు వాళ్ళ ముందు పడేసింది.

ఎవరూ కదల్లేదు. ఆకలితో చావడానికైనా సిద్ధమే కానీ చేదు తినడానికి మందలో ఒక్కరూ సిద్ధంగా లేరు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని మేకలు గొర్రెల్ని చూసి నవ్వుకుంటాయి. ఆ పూట గొర్రెలు ఎక్కడైనా నవ్వుకునే ఉంటాయి.

చివరికి ఎర్రక్క ముందుకొచ్చింది. "ఇలా తే. జంబయ్యగారి మీద నువ్వు వేసిన నింద తప్పని నేనే తేలుస్తా," అంది. ఆకు నోట్లో పెట్టుకుని మొహం వికారంగా పెట్టింది. పంతం కొద్దీ నమిలింది. రెండు, మూడు, నాలుగు ఆకులు. కాడ దాకా వచ్చింది. దవడ ఆగింది.

"చుక్కల పోతంటే... మావాడే కదే?" అంది మెల్లగా.

బొల్లి తలూపింది.

"బాగా ఎదిగాడన్నాడు. గుర్తుపట్టలేమన్నాడు..." అని ఎర్రక్క అక్కడే కూలబడింది. ఆమె ఏడుస్తుంటే ఒక్కో మేకా వచ్చి, ఎవరూ చెప్పకుండానే, మిగిలిన చేదాకుల్లో తన వంతు తీసుకుని నమిలింది. కోటయ్య తాత అందరికంటే ఆఖర్న తీసుకున్నాడు, మింగాక తలెత్తలేదు.

"వాణ్ణి కుమ్మి చంపుతా," అన్నాడు తల వంచుకునే.

"కుమ్మబోతే దొరుకుతాడా తాతా? పారిపోయి పక్క కోనలో ఇంకో మందకి ఇవే ఆకులు పంచుతాడు. నేను చెప్పినట్టు చెయ్యండి," అంది బొల్లి.

తెల్లారింది. జంబయ్య తోకెత్తుకుని వచ్చేసరికి నలభై మేకలూ బారు కట్టి, చెప్పినమాట వినే పిల్లల్లా నిలబడ్డాయి.

"ఏమ్మా చదువరీ, ఏం తేల్చావు?"

"బయల్దేరుదామండీ. చిన్న మనవి. దారి మాకు తెలీదు. మీరు ముందు నడుస్తూ మీ పరిశోధన గురించి నాలుగు ముక్కలు చెబితే, వింటూ వెనకాలే వస్తాం."

జంబయ్య మొహం మతాబులా వెలిగింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఆయనకైతే వినేవాళ్ళు ఉంటే చాలు, పండగ. ఉపన్యాసం మొదలెడితే కళ్ళు మూసుకుంటాడు, వెనక్కి చూడడు. వినేవాళ్ళు మధ్యలో లేచిపోవడం ఒకసారి చూశాడట, అప్పట్నుంచీ చూడడం మానేశాడు. బొల్లి మూడేళ్ళు ఆయన క్లాసులు విన్నది మరి, ఆ సంగతి ఆమెకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

గుట్ట మీదికి చేరారు. అక్కడ మేక తప్ప ఇంకే జంతువూ నిలబడలేని నిట్టనిలువు బండ ఒకటుంది. బొల్లి కన్ను గీటగానే మంద మొత్తం ఆ బండ ఎక్కి ఆగిపోయింది. జంబయ్య మాత్రం కాలిబాటన కిందికి దిగుతున్నాడు.

"పూర్వపు పండితులు పులిని అపార్థము చేసుకొనిరి..."

"అవునండీ!" అన్నాయి మేకలు బండ మీదినుంచి, ఉన్నచోటే డెక్కలు టకటకలాడిస్తూ. కోనలో చప్పుడు పదింతలుగా మోగుతుంది. ఆయన చెవికి మంద మెడ మీదే ఉన్నట్టుంది.

"ఆకలి యనునది ఒక భావన మాత్రమే..."

"ఎంత బాగా చెప్పారండీ!"

ఆయన దూరమయ్యే కొద్దీ మేకలు ఇంకా గట్టిగా తొక్కాయి. కోటయ్య తాతకైతే ఆ ఊపులో ఒక గిట్ట పగుల్లిచ్చింది, అయినా ఆపలేదు.

కింద గడ్డిలో పులిదొర కూర్చునున్నాడు. నలభై మేకలొస్తున్నాయి, కడుపు ఖాళీగా ఉంచుకోండని నక్క చెప్పిన సలహా మీద మూడు రోజులుగా పచ్చిమంచినీళ్ళు కూడా ముట్టలేదు. డొక్కలు వీపుకంటుకున్నాయి.

"కావున ముగింపులో నేను మనవి చేయునది..." అంటూ జంబయ్య కళ్ళు తెరిచాడు. ముక్కుకు ముక్కు తగిలేంత దగ్గర్లో పులి మొహం ఉంది.

"మంద ఏదిరా?"

"వెనకాలే ఉంది దొరా!" అని వెనక్కి తిరిగాడు. వెనక బాట ఉంది, బాట మీద ఎండ ఉంది. పైన బండ అంచున నలభై గడ్డాలు వరసగా కనబడుతున్నాయి.

"దొరా... ఇవి తొలి ఫలితాలు మాత్రమే. ఇంకొంత వ్యవధి ఇప్పిస్తే..."

"నాకు ఫలితాలొద్దురా. పలహారం కావాలి," అన్నాడు పులిదొర.

ఆ తర్వాత గడ్డి ఊగింది. గట్టిగా ఊగింది. ఒక అరుపు వినబడింది, ఏ భాషలోనో బొల్లికి తెలియలేదు కానీ గ్రాంథికం మాత్రం కాదు. కాసేపటికి అవతల వాగు దాటి జంబయ్య పరుగెత్తడం కనిపించింది. ఎత్తిపట్టుకోవడానికి ఇక తోక లేదు. అది పులి పంటి కింద ఉంది.

ఎర్రక్క చూసి, చూసి, బండ దిగిపోయింది.

మంద ఆ పూటే మైలయ్య వెంట, గానుగ రోజుల నుంచీ ఆయనకొక్కడికే తెలిసిన దూరపు కాలవగట్టుకు వెళ్ళి, రాలిన తుమ్మకాయలు ఏరుకుని కడుపు నింపుకుంది. పొట్టలో కాస్త పడేసరికి మేకలకు ఉత్సాహమొచ్చింది.

"బొల్లీ, ఆకు తే! రాసెయ్యి, 'పులి నక్కల్ని తింటుంది' అని! మనం కళ్ళారా చూశాం. నలభై సాక్ష్యాలు!" అన్నాడు కోటయ్య తాత.

"ఆగు తాతా," అంది బొల్లి. "పులి ఒకటి. నక్క ఒకటి. అదీ మూడు రోజులు పస్తున్న పులి. తిన్నది తోక ఒక్కటే. ఇంత దానికి అప్పుడే ఏం తేలుస్తాం?"

తాత నోరెళ్ళబెట్టాడు. "ఇంత జరిగాక కూడా నీకేం తేల్లేదా?"

"ఒకటి తేలింది. పొద్దున నలభై మందిమి బయల్దేరాం, ఇప్పుడూ నలభై మందిమి ఉన్నాం. రెండుసార్లు లెక్కపెట్టాను," అంది బొల్లి. అని, మళ్ళీ లెక్కపెట్టడం మొదలెట్టింది.

నీతి: తీపి ఆకు మేసి తలూపితే తలే పోతుంది, చేదాకు నమిలాకే ఊఁ అనాలి.